గాడ్‌ఫాదర్: పద్దు పుస్తకం లేని అప్పుల కథ

ఈ సినిమా మొదటిసారి పెట్టుకున్నప్పుడు పెళ్ళి సీను అయ్యేలోపే నిద్రపోయాను. హాస్టల్లో రాత్రి పదకొండింటికి, ఎవడో కాపీ చేసిచ్చిన ఫైలు, సబ్‌టైటిల్స్ నాలుగు సెకన్లు వెనక నడుస్తున్నాయి, మార్లన్ బ్రాండో నోట్లో ఏదో కుక్కుకున్నట్టు గొణుగుతున్నాడు, పక్కనున్నవాడేమో ఇది ప్రపంచంలోనే నంబర్ వన్ సినిమారా అని ఐదు నిమిషాలకోసారి గుర్తుచేస్తున్నాడు. రెండోసారి మంచం మీద తెగిన గుర్రం తల కనిపించే సీను దాకా వచ్చాను. మూడోసారి మొత్తం చూశాను గానీ ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో సరిగ్గా అర్థం కాలేదు. అయినా అర్థమైనట్టే కొన్నేళ్ళు మాట్లాడాను. మనలో చాలామందిది ఇదే పరిస్థితి అని నా అనుమానం.

పోయిన నెల మా నాన్నతో కలిసి మొదటి రెండు భాగాలూ మళ్ళీ చూశాను. రెండూ కలిపితే ఆరుంపావు గంటలు, కాబట్టి ఐదు రాత్రులు పట్టింది. నాన్నకి ఇంగ్లీషు రాదు. ముప్పై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపాడు, ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటున్నాడు, ఈయన ఊరికే వెళ్ళి గల్లా దగ్గర కూర్చుని వాడికి విసుగు తెప్పిస్తుంటాడు. నేను మధ్యలో ఆపి, ఎవరేమన్నారో చెప్పి, మళ్ళీ ప్లే నొక్కడం. ఇలా చూస్తే సినిమా చెడిపోతుందనుకున్నాను, తీరా చూస్తే నాకు ఇన్నేళ్ళూ పట్టుబడనిది అప్పుడే పట్టుబడింది.

ముందే ఒక మాట. ఇది 2022లో వచ్చిన చిరంజీవి సినిమా కాదు, దానికీ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు, అది మలయాళం లూసిఫర్‌కి రీమేక్. నేను చెబుతున్నది 1972లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీసినది, మారియో పూజో 1969 నవల ఆధారంగా వచ్చినది, దాని తర్వాత 1974లో వచ్చిన రెండో భాగం.

మొదటి సీను తెలిసిందే కదా. చీకట్లో ఒక మనిషి ముఖం. అతని పేరు బొనసెరా, చనిపోయినవాళ్ళ అంత్యక్రియలు నడిపించే వ్యాపారం. కూతుర్ని ఇద్దరు కుర్రాళ్ళు దారుణంగా కొట్టారు, కోర్టు వాళ్ళని శిక్ష పేరు చెప్పి అదే రోజు ఇంటికి పంపేసింది, న్యాయం కావాలని మాఫియా కుటుంబం పెద్ద వీటో కార్లియోనె (మార్లన్ బ్రాండో) దగ్గరికి వచ్చాడు. కెమెరా అతని ముఖం మీద నుంచి ఎంత నెమ్మదిగా వెనక్కి వస్తుందంటే వస్తున్నట్టే తెలీదు, కాసేపటికి ముందువైపు ఒక భుజం, ఒక చెయ్యి కనిపిస్తాయి, అప్పుడు అర్థమవుతుంది ఇంతసేపూ వీడు చెప్పుకుంటున్నది ఎవరికో. మాటల మధ్యలో బొనసెరా నీకెంత ఇవ్వమంటావు అని అడుగుతాడు. ఇక్కడ ఆపి నాన్నకి చెప్పాను. ఆయన వెంటనే, ‘అక్కడే చెడగొట్టుకున్నాడు’ అన్నాడు.

ఎందుకని అడిగితే చెప్పాడు. ‘ఒరేయ్, డబ్బిచ్చి కొనుక్కునేవాడు రేపు ఇంకో కొట్టుకి పోతాడు. ఖాతా పెట్టినవాడు పోలేడు.’

నాకు ఆ క్షణంలో సినిమా మొత్తం తెరుచుకుంది, అతిశయోక్తి కాదు. వీటోకి డబ్బు అక్కర్లేదు, ఖాతా కావాలి. అందుకే బొనసెరా తల వంచి చెయ్యి ముద్దుపెట్టుకున్నాకే ఒప్పుకుంటాడు, ఎప్పుడో ఒకరోజు నీతో పనిపడొచ్చు, పడకపోవచ్చు అంటాడు. పద్దు రాసుకున్నాడన్నమాట, పుస్తకం లేదంతే. ఆ ఒక్క పెళ్ళి మధ్యాహ్నంలోనే ఇలాంటి పద్దులు ఎన్ని పడతాయో చూడండి. సిసిలీ ఆచారం ప్రకారం కూతురి పెళ్ళి రోజున తండ్రి ఎవరడిగినా కాదనకూడదట, అందుకని గదిలోకి ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటారు. రొట్టెలు కాల్చే ఆయన ఒకడు వస్తాడు, తన దగ్గర పనిచేసే ఎంజోని ప్రభుత్వం ఇటలీకి తిప్పి పంపబోతోంది, ఆపించాలని. మొదటిసారి చూసినప్పుడు ఈ ఎంజో ఎవడో పట్టించుకోం. గంట తర్వాత ఆసుపత్రిలో వీటో తుపాకీ గాయాలతో ఒంటరిగా పడుకుని ఉంటే, పూలగుత్తి పట్టుకుని చూడ్డానికి వచ్చేది వీడే. పెద్ద కొడుకు సైన్యమంతా ఎక్కడో ఉంది, ఆసుపత్రి గుమ్మంలో శత్రువుల కారు ముందు నిలబడ్డది మాత్రం చిన్న కొడుకు మైకేల్, ఈ రొట్టెల కుర్రాడు, ఇద్దరి దగ్గరా ఒక్క తుపాకీ కూడా లేదు, జేబులో చెయ్యి పెట్టుకుని ఉన్నట్టు నటిస్తున్నారు. కారు వెళ్ళిపోయాక ఎంజో సిగరెట్ వెలిగించుకోబోతే చేతులు వణికిపోతాయి. మైకేల్ లైటర్ తీసుకుని వెలిగిస్తాడు. తన చేతులు వణకడం లేదని ఒక్క క్షణం తనే చూసుకుంటాడు. అంతే, డైలాగు లేదు, మ్యూజిక్ దంచడం లేదు. ఇంట్లో అందరూ నీకు ఈ గొడవలొద్దు అని పక్కన పెట్టిన కాలేజీ కుర్రాడు ఈ పనికే పుట్టాడని అతనికీ మనకీ ఒకేసారి తెలుస్తుంది. నాకు సినిమాలో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే, గుర్రం తల కాదు.

బొనసెరా బాకీ ఎలా తీరుతుందో తెలియనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. అందరూ ఏదో హత్య చేయిస్తాడనుకుంటారు, బొనసెరా కూడా అదే భయంతో వణికిపోతుంటాడు. వీటో తెచ్చేది తన పెద్ద కొడుకు సనీ శవాన్ని. టోల్‌గేటు దగ్గర తూట్లు పొడిచిన శరీరం. వాళ్ళమ్మకి ఇలా చూపించలేను, నీ పనితనం అంతా చూపించి బాగుచెయ్యి అని అడుగుతాడు, అంత పెద్ద మనిషి గొంతు అక్కడ విరిగిపోతుంది. ఎవడి చేతిలో ఏ విద్య ఉందో ఆ విద్యతోనే రుణం తీర్చుకోవడం. నాన్న ఏమీ అనలేదు ఈ సీనుకి. లేచి మంచినీళ్ళు తాగొచ్చాడు.

పేరు సంగతి ఒకటి చెప్పాలి. మనకి గాడ్‌ఫాదర్ అంటే వెనక ఉండి నడిపించే పెద్దమనిషి, సినిమా ఇండస్ట్రీలో అయితే అవకాశాలిప్పించేవాడు. అసలు అర్థం చర్చిది. మన గుంటూరు వైపు క్యాథలిక్ కుటుంబాల్లో బిడ్డకి జ్ఞానస్నానం ఇచ్చేటప్పుడు జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి అని నిలబడతారు కదా, అదీ. అది కూడా ఒక బంధుత్వమే, బిడ్డ బాధ్యత కొంత వాళ్ళది. బొనసెరాని వీటో దెప్పేది కూడా దాని గురించే, నా భార్య నీ కూతురికి జ్ఞానతల్లి, అయినా ఒక్కసారి కాఫీకి పిలిచావా అని. ఇది తెలిసి చూస్తే చివర్లో వచ్చే జ్ఞానస్నానం సీను ఇంకో మెట్టు కిందికి దింపుతుంది మనల్ని. మైకేల్ తన చెల్లెలు కానీ (Connie) కొడుక్కి జ్ఞానతండ్రిగా నిలబడతాడు. ఫాదరు సైతానుని వదిలేస్తావా అని అడుగుతుంటాడు, వదిలేస్తానని ఇతను చెబుతుంటాడు, ఆర్గన్ మోగుతుంటుంది, ఆ మాటలకీ మాటలకీ మధ్య ఊరంతా ఇతని మనుషులు మిగతా కుటుంబాల పెద్దల్ని చంపుతుంటారు. అక్కడితో ఆగదు, అదే రోజు ఆ బిడ్డ కన్నతండ్రిని కూడా చంపిస్తాడు. జ్ఞానతండ్రి అయిన రోజునే. అన్నట్టు ఆ పసిపాప ఎవరో కాదు, దర్శకుడి సొంత కూతురు సోఫియా. కానీగా వేసింది దర్శకుడి చెల్లెలు టాలియా షైర్. వాళ్ళ నాన్న కార్మైన్ సంగీతంలో చెయ్యి వేశాడు. కుటుంబం గురించిన సినిమాకి కుటుంబమంతా పనిచేసింది.

కొత్తగా చూసేవాళ్ళకి పేర్లతో తలనొప్పి వస్తుంది, నాకూ వచ్చింది. మన వరసల్లో చెప్పుకుంటే తేలిక. పెద్దోడు సనీ, కోపిష్టి. రెండోవాడు ఫ్రేడో, మెతక, ఇంట్లో ఎవరూ లెక్కచెయ్యరు. చిన్నోడు మైకేల్, యుద్ధం నుంచి యూనిఫాంలో వచ్చాడు. కూతురు కానీ. ఆమె మొగుడు కార్లో, ఇంటల్లుడు, వాడి గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. టామ్ హేగన్ పెంపుడు కొడుకు, లాయరు, పాత జమీందార్ల దగ్గర దివాను ఎలాగో అలా. క్లెమెంజా లావుగా ఉండేవాడు, టెసియో సన్నగా పొడుగ్గా ఉండేవాడు, వీళ్ళిద్దరూ వీటో కుర్రతనం నాటి స్నేహితులు. బయటివాళ్ళలో సొలొజో మాదకద్రవ్యాల వ్యాపారం తెచ్చేవాడు, బార్జీని, టటాలియా అవతలి కుటుంబాల పెద్దలు. ఇంత గుర్తుంటే చాలు.

అల్లుడి విషయంలో నాన్న మొదటి రాత్రే తేల్చేశాడు. పెళ్ళయిన వెంటనే, కార్లోకి బతుకుతెరువు చూపించండి గానీ ఇంటి వ్యాపారం మాటలు అతని ముందు మాట్లాడొద్దు అని వీటో అంటాడు. ‘అదీ పద్ధతి’ అన్నాడు నాన్న. మా బావ పక్క గదిలోనే ఉన్నాడు ఆ టైములో, నేను వాల్యూమ్ పెంచాను.

అసలు గొడవ మొదలయ్యేది కూడా ఇంటి మాట బయటివాడి ముందు అనడం వల్లే. సొలొజో బేరానికి వీటో కుదరదంటాడు, మధ్యలో సనీ నోరు జారి ఆసక్తి చూపిస్తాడు. అంటే తండ్రి లేకపోతే కొడుకు ఒప్పుకుంటాడన్నమాట, అవతలివాడికి అది చాలు. మీటింగ్ అయ్యాక వీటో కొడుకుని పక్కకి పిలిచి చివాట్లు పెడతాడు, బయటివాళ్ళకి నీ మనసులో ఏముందో ఎప్పుడూ తెలియనివ్వకు అని. అప్పటికే ఆలస్యమైపోయింది. కొన్నాళ్ళకే నారింజలు కొనుక్కుంటుంటే వీటోని రోడ్డు మీద కాల్చేస్తారు, తోడొచ్చిన ఫ్రేడో తుపాకీ జారవిడుచుకుని పేవ్‌మెంట్ మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. ఈ ఫ్రేడోగా వేసిన జాన్ కెజాల్ గురించి ఒక్క మాట. మనిషి జీవితం మొత్తంలో ఐదే సినిమాలు చేశాడు, ఐదూ ఉత్తమ చిత్రం ఆస్కార్‌కి నామినేట్ అయ్యాయి, 1978లో చనిపోయాడు. అతన్ని చూడ్డానికైనా ఈ రెండు భాగాలూ చూడాలి.

మైకేల్ సొలొజోని కాల్చి చంపే రెస్టారెంట్ సీను అందరికీ తెలుసు గనక ఎక్కువ చెప్పను. ఒక్కటే గమనించమంటాను: సొలొజో ఇటాలియన్‌లో మాట్లాడుతుంటాడు, సబ్‌టైటిల్ వెయ్యలేదు, కావాలనే. ఏమంటున్నాడో మనకి అనవసరం, మైకేల్ కళ్ళు చూడమని. రైలు చప్పుడు ఒకటి ఎక్కడి నుంచో పెరుగుతూ పెరుగుతూ వస్తుంది, రైలు కనపడదు, అది అతని తలలోంచి వస్తున్నట్టే ఉంటుంది. సౌండ్ పని వాల్టర్ మర్చ్‌ది. మైకేల్‌గా వేసిన అల్ పచీనోని స్టూడియోకి మొదట్నుంచీ ఇష్టం లేదు, పొట్టిగా ఉన్నాడు, పేరు లేదు, తీసేద్దామన్నారు, ఈ సీను రష్ చూశాకే నోరు మూసుకున్నారని చెబుతారు. బ్రాండోకి అప్పుడు నలభై ఏడేళ్ళు, ముసలివాడిగా మార్చింది మేకప్, దవడల్లో పెట్టిన ఒక పరికరం. ఆ గొణుగుడు దానివల్లే, మీ స్పీకర్ తప్పు కాదు. అందుకే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, నామోషీ ఏమీ లేదు, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూడా పెట్టుకునే సినిమా ఇది.

ఇప్పుడు అసలు ఉపయోగపడే సలహా. ఈ సినిమా చీకటి. కెమెరామన్ గోర్డన్ విల్లిస్ లైటు పైనుంచి వేసి కళ్ళు నీడలో పడేలా తీశాడు, వీటో ఏమనుకుంటున్నాడో మనకి కూడా తెలియకూడదని. ఆ గది చీకటికీ, బయట పెళ్ళి ఎండకీ తేడానే కథ. మన టీవీలు కొనగానే షోరూములో మెరవడానికి పెట్టిన సెట్టింగులో ఉంటాయి, డైనమిక్ అనో వివిడ్ అనో, దాంట్లో చూస్తే ఆ గది ట్యూబ్‌లైటు వేసినట్టు ఉంటుంది, వీటో మొహం నారింజ రంగులోకి తిరుగుతుంది. సినిమా మోడ్‌కి మార్చండి, కదలికల్ని నున్నగా చేసే ఆప్షన్ ఉంటుంది, అది ఆపేయండి, లేకపోతే సీరియల్ చూస్తున్నట్టు ఉంటుంది. గదిలో లైట్లు తీసేయండి. మా ఇంట్లో మొదటి రాత్రి ఈ పని చెయ్యకుండా మొదలుపెట్టి అరగంట చూశాక మళ్ళీ మొదట్నుంచి వేశాను, నాన్న తిట్టాడు, తర్వాత రెండోసారే బాగుందన్నాడు. 2022లో యాభై ఏళ్ళయిన సందర్భంగా పారామౌంట్ వాళ్ళు మూడు భాగాల్నీ 4కేలో శుభ్రంచేసి విడుదల చేశారు, దొరికితే అదే చూడండి. హాస్టల్లో నేను చూసిన ఫైల్లో అయితే ఆ గదిలో ఎంతమంది ఉన్నారో కూడా తెలియలేదు. విచిత్రం ఏంటంటే విల్లిస్‌కి ఈ రెండు సినిమాలకీ కనీసం ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కార్లోని సనీ రోడ్డు మీద చితకబాదే సీనులో ఒక గుద్దు స్పష్టంగా గాల్లో పోతుంది, చప్పుడు మాత్రం వస్తుంది, మన పాత సినిమాల్ని వెక్కిరించేవాళ్ళకి ఇది చూపించండి. రెస్టారెంట్ హత్య తర్వాత మైకేల్ వెళ్ళి దాక్కునే సిసిలీ భాగం అందంగా ఉంటుంది గానీ అతను అక్కడ పెళ్ళి చేసుకున్న అపొలోనియా మనిషిలా కాక బొమ్మలా వచ్చి బొమ్మలా పోతుంది. ఆడవాళ్ళ విషయంలో సినిమా మొత్తం అంతే. చెల్లెలు కానీ (Connie) దెబ్బలు తినడానికీ, మైకేల్ భార్య కే తలుపు అవతల నిలబడ్డానికీ ఉన్నారు. తలుపు మూసే ఆ చివరి షాట్ దర్శకుడికి ఈ సంగతి తెలిసే తీశాడని చెబుతుంది, ఒప్పుకుంటాను, కానీ తెలిసి చెయ్యడం వేరు, వాళ్ళకి కథ ఇవ్వడం వేరు.

అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకొకటి. మొదటి భాగంలో వీళ్ళ వ్యాపారం వల్ల నలిగిపోయినవాడు ఒక్కడైనా కనిపిస్తాడా? చచ్చేవాళ్ళంతా వాళ్ళలాంటి వాళ్ళే. జూదం, యూనియన్లు, లంచాలు అని మాటల్లో వస్తాయి, ఆ డబ్బు ఎవడి జేబులోంచి వచ్చిందో చూపించరు. అందుకే కుర్రాళ్ళు వీటో ఫోటో డీపీగా పెట్టుకుని గౌరవం, విధేయత అని రాసుకోగలుగుతున్నారు. సినిమా తీస్తున్నప్పుడే ఇటాలియన్ అమెరికన్ల సంఘం ఒకటి ఒత్తిడి తెచ్చి స్క్రిప్టులో మాఫియా అనే మాట తీయించింది, ఆ సంఘాన్ని పెట్టినవాడు జో కొలంబో, స్వయంగా న్యూయార్క్ మాఫియా కుటుంబాల్లో ఒకదానికి పెద్ద. ఇది కథలో పెడితే ఎవరూ నమ్మరు.

ఈ ఇబ్బందికి జవాబు రెండో భాగంలో ఉంది. అందుకే మొదటిది చూసి ఆపేసినవాళ్ళకి సగమే తెలుసంటాను. రెండో భాగం రెండు కథల్ని పక్కపక్కన నడుపుతుంది. ఒకటి 1901లో తొమ్మిదేళ్ళ పిల్లాడిగా తల్లీ తండ్రీ అన్నా పోయి ఒంటరిగా న్యూయార్క్‌లో దిగిన వీటో, పెద్దయ్యాక ఎలా గాడ్‌ఫాదర్ అయ్యాడన్నది. ఇంకోటి 1958లో తండ్రి కుర్చీలో కూర్చున్న మైకేల్ కథ. కుర్ర వీటోగా రాబర్ట్ డి నీరో, దాదాపు అన్ని మాటలూ సిసిలియన్‌లోనే, దానికి అతనికి ఆస్కార్ వచ్చింది, అంతకుముందు ఇదే పాత్రకి బ్రాండోకి వచ్చింది, ఆయన తీసుకోలేదు, అది వేరే కథ. రెండో భాగానికి మొత్తం ఆరు ఆస్కార్లు, ఒక సీక్వెల్‌కి ఉత్తమ చిత్రం రావడం అదే మొదటిసారి.

నాన్నకి రెండో భాగంలో వీటో కథ విపరీతంగా నచ్చింది, ఎందుకంటే అది కిరాణా కొట్టులో మొదలవుతుంది. వీటో ఒక కొట్టులో గుమాస్తా. పేటలో ఫనూచి అని ఒకడు తెల్ల సూటు వేసుకుని అందరి దగ్గరా మామూళ్ళు వసూలు చేస్తుంటాడు, వాడి మేనల్లుణ్ణి పనిలో పెట్టుకోవాల్సొచ్చి ఓనరు వీటోని తీసేస్తాడు. తీసేస్తూ పాపం బాధపడి ఒక పెట్టెడు సరుకులు ఇవ్వబోతాడు. వీటో తీసుకోడు. ఖాళీ చేతులతో ఇంటికెళ్తే ఏం బాగుంటుందని ఒక పియర్ పండు తీసుకెళ్ళి భార్య ముందు టేబుల్ మీద పెడతాడు. ఉద్యోగం పోయిన సంగతి సీనులో ఎక్కడా చెప్పడు. నాన్న ఇక్కడ రెండోసారి వెయ్యమన్నాడు.

ఆ తర్వాత వీటో ఫనూచిని చంపుతాడు. వీధిలో ఊరేగింపు, బాణాసంచా, ఇతను మేడల మీద నుంచి నడుచుకుంటూ వెళ్ళి, తుపాకీకి తువ్వాలు చుట్టి కాలిస్తే ఆ తువ్వాలు అంటుకుంటుంది. పని ముగించి, తుపాకీ ముక్కలు చేసి పారేసి, ఇంటి మెట్ల మీద కూర్చున్న భార్యాపిల్లల దగ్గరికొచ్చి, చంటిపిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకుని మీ నాన్నకి నువ్వంటే చాలా ఇష్టం అంటాడు. ఆ చంటిపిల్లాడు మైకేల్. తర్వాత చూడండి, పేట అంతా ఇప్పుడు వీటోకి దణ్ణాలు పెడుతుంది. ఒక ముసలావిడని ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమంటుంటే వీటో వెళ్ళి ఎంతో మర్యాదగా అడుగుతాడు, ఓనరు కసురుకుంటాడు, తర్వాత ఇతనెవరో వాకబు చేసుకుని పరిగెత్తుకొచ్చి అద్దె తగ్గిస్తానంటాడు, ఇంకా తగ్గిస్తానంటాడు, తలుపు తీసుకోవడం కూడా చేతకాక తడబడతాడు. నవ్వొచ్చే సీను, మేమిద్దరం నవ్వాం. నవ్వాక నాన్న అన్నాడు, ‘ఫనూచికి డబ్బులిస్తే పోయేది, వీడికి బతుకంతా ఇవ్వాలి.’ నేను పైన రాసిన ఇబ్బందికి జవాబు అన్నది దీన్నే. భయం అదే, మర్యాద కొత్తది.

మైకేల్ వైపు కథ అంత సులువుగా ఎక్కదు. క్యూబాలో వ్యాపారం, హైమన్ రాత్ అనే ముసలాయనతో ఎత్తులు, ఎవడు ఎవడికి గొయ్యి తవ్వుతున్నాడో మధ్యలో తప్పిపోతాం, నేను ఇప్పటికీ ఒకటి రెండు చోట్ల తప్పిపోతున్నాను. రాత్ పుట్టినరోజుకి క్యూబా పటం వేసిన కేకు తెచ్చి తలా ముక్క కోసి పంచుకుంటారు, దేశం మొత్తాన్ని ఎలా తినబోతున్నారో ఆ ఒక్క కేకులో చూపించాడు, ఆ వెంటనే కొత్త సంవత్సరం రాత్రి క్యూబా పాలకుడు బటిస్టా దిగిపోయి తిరుగుబాటుదారులు వచ్చేస్తారు. కానీ నన్ను పట్టుకున్నది అంతకుముందు మొదట్లోనే వచ్చే విందు. మొదటి భాగం పెళ్ళితో మొదలైతే ఇది మైకేల్ కొడుకు చర్చి వేడుకతో మొదలవుతుంది. అక్కడ అందరూ ఇటాలియన్ పాటలు పాడుకుంటూ గెంతారు, ఇక్కడ బ్యాండు వాళ్ళకి పాత ఇటాలియన్ డాన్సు పాట ఒక్కటి వాయించడం రాదు, పెంటాంజెలీ అనే పాతకాలపు మనిషి నేర్పించబోతే పిల్లల పాటలోకి తిప్పేస్తారు. మైక్ ముందు పొగిడిన సెనేటర్, గదిలోకి వచ్చాక మీ జాతి అంటే నాకు అసహ్యం అని మొహం మీదే చెబుతాడు. తండ్రి గదిలోకి వచ్చినవాళ్ళు చెయ్యి ముద్దుపెట్టుకుని వెళ్ళారు. కొడుకు దగ్గర డబ్బుంది, సరస్సు ఒడ్డున ఎస్టేటు ఉంది, తండ్రి కన్నా తెలివి కూడా ఎక్కువేనేమో, ఖాతా ఉన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. అందరూ నగదు బేరమే. ఎంజోలాంటివాడు పూలు పట్టుకుని రాడు ఇతని కోసం.

మన దగ్గర దీని నీడ ఎంత పడిందో చెప్పుకుంటే తెల్లారుతుంది. రామ్‌గోపాల్ వర్మ 1993లో గాయం తీశాడు, 2005లో సర్కార్ తీసి దానికి మూలం ఇదేనని సినిమా మొదట్లోనే ఒప్పుకున్నాడు. మణిరత్నం నాయకుడు సంగతి సరేసరి. వీటన్నిట్లోనూ పెద్దాయన, కొడుకు, కుర్చీ వచ్చాయి. రెండో భాగంలో ఉన్న ఖాళీతనం మాత్రం ఎవరూ పెద్దగా తెచ్చుకోలేదు, మనవాళ్ళకి పెద్దాయనని చివరిదాకా పెద్దాయనగానే చూడాలనుంటుంది.

రేటింగ్ అడిగేవాళ్ళుంటారు కాబట్టి, మొదటిదానికి ఐదుకి ఐదు, రెండోదానికి నాలుగున్నర, ఆ అర మార్కు క్యూబా గందరగోళానికి. ఏది గొప్పదంటే మాత్రం రెండోదే అంటాను. లెక్క కుదరలేదని నాకూ తెలుసు.

చివరి రాత్రి సంగతి. ఇదీ కథ చెప్పేస్తుంది, చూడనివాళ్ళు ఇక్కడ ఆగిపోండి. ఫ్రేడో తమ్ముణ్ణి మోసం చేశాడు, తమ్ముడైనా మైకేల్‌ని అన్న అనాల్సొచ్చేలా ఉంటుంది ఆ ఇంట్లో వరస, చిన్నవాడి కింద పెద్దవాడు పనిచెయ్యడమే వాడి బాధ. అమ్మ బతికున్నంతకాలం వాడికేమీ కాకూడదని మైకేల్ చెబుతాడు. అమ్మ పోతుంది. చెల్లెలు బతిమాలితే శవం దగ్గరే ఫ్రేడోని కౌగిలించుకుంటాడు, కౌగిలించుకుంటూనే కళ్ళెత్తి తన మనిషి వైపు చూస్తాడు. తర్వాత ఒకరోజు సరస్సులో పడవ, ఫ్రేడో చేపల కోసం మరియమ్మకి ప్రార్థన చదువుతుంటాడు, మైకేల్ ఇంట్లో కిటికీ అద్దం వెనక నిలబడి ఉంటాడు, తుపాకీ చప్పుడు. ఆ వెంటనే 1941 డిసెంబరు, తండ్రి పుట్టినరోజు, అందరూ ఒకే టేబుల్ చుట్టూ, సనీ, ఫ్రేడో, టామ్, కానీ. తండ్రి వచ్చాడని అందరూ గుమ్మం దగ్గరికి పరిగెత్తుతారు, మిలటరీలో చేరానని చెప్పి తిట్లు తిన్న మైకేల్ ఒక్కడే కుర్చీలో మిగిలిపోతాడు. తండ్రి గొంతు కూడా వినపడదు. ఈ సీనులో బ్రాండో రావాల్సింది, రాలేదు. రాకపోవడమే మంచిదైంది.

నాన్న ఆ రాత్రి ఏమీ మాట్లాడకుండా పడుకున్నాడు. పొద్దున కాఫీ తాగుతూ, ‘అమ్మ పోయేదాకా ఆగాడా వాడు?’ అని అడిగాడు. ఆగాడన్నాను. ‘అంటే లెక్క రాసుకునే కూర్చున్నాడన్నమాట’ అన్నాడు, కాసేపాగి, తమ్ముడు కొట్టు తీశాడో లేదో ఫోన్ చేసి కనుక్కోమన్నాడు.

1990లో మూడో భాగం ఉంది. దాన్నే 2020లో కొప్పోలా కత్తిరించి, పేరు మార్చి మళ్ళీ వదిలాడు, మార్చినది కొంచెం నయం. టామ్ హేగన్ లేడు, డబ్బు దగ్గర కుదరక రాబర్ట్ డువాల్ రాలేదు, అతను లేని ఆ ఇల్లు వేరే ఇల్లులా ఉంటుంది. అల్ పచీనో చివర్లో మెట్ల మీద నోరు తెరిచి అరిచే అరుపు కోసం ఒకసారి చూడొచ్చు. మా నాన్నకి మాత్రం చూపించలేదు. ఇంకేమైనా ఉందా అని అడిగితే రెండే తీశారని చెప్పాను.